జెండా దిమ్మ నుంచి ఎన్ని అడుగులు

ఆయన పోయిన సంగతి నాకు ఒక ఇంజినీరు ఫోనులో చెప్పాడు. అది చెప్పడానికి చేసిన ఫోను కూడా కాదు. మాచవరం మండలంలో ఇప్పుడు నేను పనిచేసే పంచాయతీ ఆఫీసులో పింఛన్ల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. తెలియని నంబరు. అవతలి మనిషి ఒక ఊరి పేరు చెప్పి, "అక్కడ సెక్రటరీగా చేసింది మీరే కదా మేడం" అన్నాడు. ఆ పేరు ఎవరి నోటనైనా విని చాలా రోజులైంది. పక్క మున్సిపాలిటీలో కలిపేశాక ఆ ఊరికి పేరు పోయి వార్డు నంబరు వచ్చింది.

నేనే అన్నాను. ఆరేళ్ళు చేశానని, ఆ పంచాయతీకి ఆఖరి సెక్రటరీని నేనేనని అడక్కుండానే చెప్పాను.

"పల్లె లైను వాల్వు ఎక్కడుందో చెబుతారా మేడం? రెండు వారాలు దాటింది, పల్లెకి చుక్క నీళ్ళు పోవట్లేదు. మాకు దొరకట్లేదు."

"నన్నడుగుతారేం? ఆయన్ని అడగండి" అన్నాను. ఆ ఊళ్ళో నీళ్ళ గురించి మాట్లాడుతున్నప్పుడు ఆయన అంటే ఒక్కరే.

"ఆయన పోయి పది రోజులైంది మేడం. ఆసుపత్రిలో మాట పడిపోయేముందు అన్నాడంట, సెక్రటరీ అమ్మకి చూపించా, ఆమెకి తెలుసు అని."

చూపించిన మాట నిజం. రేపు వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఎదురుగా నిలబడ్డ ముసలమ్మ "ఏమ్మా, నా పేరు తీసేశారా?" అని రెండుసార్లు అడిగింది.

ఆయన ఆ పంచాయతీలో నీళ్ళు వదిలే మనిషి. ట్యాంకు నింపడం, ఏ వీధి వాల్వు ఎప్పుడు తిప్పాలో చూసి తిప్పడం, పైపు పగిలితే అతకడం ఆయన పని. ఊళ్ళో సగం మంది సాయిబు అనేవారు. నేను బాబాయ్ అనేదాన్ని. వెనకాల కుంటి సాయిబు అనేవాళ్ళూ ఉన్నారు. చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం ఎడమ కాలి మీదుగా పోయిందట. కుడి కాలు బారుగా వేసేవాడు, ఎడమ కాలిని దాని పక్కకు ఈడ్చేవాడు, ఒక్క క్షణం ఆగేవాడు, మళ్ళీ కుడి కాలు. భుజం మీద వాల్వు తిప్పే ఇనప కడ్డీ, పైన అడ్డంగా పిడి ఉన్నది. తెల్లారేసరికి ఆ కడ్డీ నాపరాళ్ళకు తగిలే చప్పుడు వినపడితే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని బయటికొచ్చేవాళ్ళు.

ఊళ్ళో పిల్లలందరికీ ఆయన నడక వచ్చు. బడికి పోతూ ఆయన వెనకే వరసగా కుంటుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఒకరోజు చూసి నాకు ఒళ్ళు మండి వాళ్ళ మీద కేకలేశాను. ఆయన నన్నే ఆపాడు. "పోనీయమ్మా. నేను పోయినాక గూడా నా నడక ఊళ్ళో ఉంటుద్ది" అని నవ్వాడు. ఆ నవ్వులో పైపళ్ళు రెండు ఉండవు.

వాల్వు తిప్పాక వెంటనే పోయేవాడు కాదు. కడ్డీ కింది కొస పైపు మీద ఆనించి, పై కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ సమయంలో ప్రెసిడెంటు పలకరించినా జవాబు చెప్పడు. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఇప్పుడు రైసు మిల్లు మలుపు కాడికి పోయినయ్. పెద్దింటికి ఇంకా పోలా" అనేవాడు. మొదట్లో నేను నమ్మలేదు. ఓసారి పెద్దింటికి ఫోను చేసి అడిగాను. రాలేదన్నారు, అంతలోనే ఆగమని, ఇప్పుడే వచ్చాయన్నారు. ఆయన కడ్డీ భుజాన వేసుకుని తరవాతి వాల్వు వైపు సాగాడు. నాకే సిగ్గేసింది.

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. ఎండలో ఎంత తిరిగినా దారిలో ఎవరింట్లోనూ నీళ్ళు తాగడు. ప్రతి లైనులోనూ ఆఖరి కుళాయి దగ్గరికి పోయి దోసిలి పట్టి అక్కడే తాగుతాడు. "చివరాకర బాగుంటే ముందున్నోళ్ళకి బాగున్నట్టే గదమ్మా" అనేవాడు. ఊరికి తూర్పున ఉన్న ఎస్సీ కాలనీని అందరూ పల్లె అంటారు. పల్లె లైనులో ఆఖరి కుళాయి ప్రెసిడెంటమ్మ ఇంటి ముందుంది. కాబట్టి ఆయన రోజు మొత్తంలో తాగే చివరి నీళ్ళు అక్కడివే. రంజాన్ నెలలో ఉపవాసం గనక తాగడు. ప్రెసిడెంటమ్మను పిలిచి, ఆమె చేత ఓ గ్లాసు తాగించి, "ఎట్టున్నయ్ చెల్లే?" అని అడిగేవాడు. ఆమె కావాలనే మెల్లగా తాగేది. "తియ్యగున్నయన్నా, నీకేం తెలుసుద్దిలే పాపం" అని ఉడికించేది. ఆయన కడ్డీ ఎత్తి కొట్టబోయినట్టు చేసి వెళ్ళిపోయేవాడు.

ప్రెసిడెంటమ్మ అంటే ఆ పంచాయతీకి ఒకప్పుడు ప్రెసిడెంటుగా చేసిన ఆవిడ. ఆమె సంగతి వస్తుంది.

మున్సిపాలిటీలో కలిపేస్తున్నామని ఆర్డరు వచ్చినప్పుడు దాంతోపాటు నాకు రెండు పనులు పడ్డాయి. ఒకటి, పంచాయతీ ఆస్తులన్నీ జాబితా రాసి అప్పగించడం. రెండోది, గ్రామ చరిత్ర ఒక పేజీ. రెండోది ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఫైలులో పెట్టుకుంటారు కాబోలు. రిజిస్టర్లు చూసి ప్రెసిడెంట్ల పేర్లు వరసగా రాసి ఆయనకు చదివి వినిపించాను. పైపుల జాబితా కోసం ఆయన్ని ఎలాగూ కూర్చోబెట్టాను.

విని పెదవి విరిచాడు. "పేర్లు ఎవరికి కావాలమ్మా? నేను చెప్తా రాసుకో" అన్నాడు.

ఆయన ప్రెసిడెంట్లను పైపులతో గుర్తుపెట్టుకున్నాడు. మొదటాయన బావి ప్రెసిడెంటు, ఊళ్ళో మంచినీళ్ళ బావి తవ్వించాడు, కానీ పల్లెవాళ్ళను చేద వెయ్యనివ్వలేదు. తరవాతాయన సిమెంటు గొట్టాల ప్రెసిడెంటు. ఆయన వేయించిన గొట్టాలు, ఆయన ఇంటల్లుడు అలిగి వెళ్ళిపోయిన ఏడాదే పగిలిపోయాయి. ఆ తరవాత ఇనప గొట్టాల ప్రెసిడెంటు. ట్యాంకు కట్టించింది ఈయనే, లైను మాత్రం తన దొడ్డి చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. అందుకే ఇప్పటికీ ఆ మూల నీళ్ళు సన్నగా వస్తాయి. "ఎవుడి బుద్ధి ఎట్టాంటిదో మట్టి తవ్వితే తెలిసిపోయిద్ది" అనేవాడు ఆయన. ఆ వారం రోజులూ ఆయన వెనక ఊరంతా తిరిగాను. ఎక్కడ ఆగి కడ్డీతో తడితే అక్కడ ఒక ప్రెసిడెంటు బయటపడేవాడు. నా ఉద్యోగంలో అంత నవ్వుకున్న రోజులు లేవు. నవ్వుకుంటూనే జాబితా రాసుకున్నాను. ముప్పై ఒక్క వాల్వులు, ఏది ఎక్కడ ఉందో సహా.

ముప్పై రెండోది పల్లె లైను వాల్వు.

దాని కథ ఆయన ఆఫీసులో చెప్పలేదు. ఆఫీసు వెనక గోడ నీడకు తీసుకుపోయి, అటూ ఇటూ చూసి చెప్పాడు. సీటు రిజర్వేషన్లోకి వచ్చిన సంవత్సరం పల్లెలోంచి ప్రెసిడెంటమ్మ గెలిచింది. గెలిచిందే గాని తీర్మానాల పుస్తకం ఒక్క రోజు కూడా ఆమె చేతికి రాలేదు. అది ఊళ్ళో పెద్దాయన ఇంట్లో బీరువాలో ఉండేది. కబురొస్తే ఆమె వెళ్ళి, అరుగు కింద నిలబడి, చూపించిన చోట వేలిముద్ర వేసి వచ్చేది. పల్లెకు అప్పటికి కుళాయి లేదు. ఆడవాళ్ళు ఊళ్ళోకొచ్చి ఎవరైనా బిందెలో పోస్తే తీసుకుపోయేవాళ్ళు. పదవి ఇంకో ఏడాదిలో అయిపోతుందనగా ఆమె ఈయన దగ్గరికొచ్చి, "అన్నా, ఐదేళ్ళలో నేను చేసింది ఒక్క పనన్నా ఉండాల గదా" అందట.

పెద్దాయన పెళ్ళికని చిలకలూరిపేట వెళ్ళిన మూడు రోజుల్లో లైను వేసేశారు. వేరే వీధుల్లో మిగిలిపోయిన ప్లాస్టిక్ గొట్టాలు, పల్లె వాళ్ళ పలుగూ పారా, ఈయన చేతులు. పెద్దాయన తిరిగొచ్చేసరికి పల్లెలో నీళ్ళు పడుతున్నాయి. కట్టెయ్యమని పైకి చెప్పలేడు, ఓట్లున్నాయి. కాని రెండుసార్లు ఎవరో తెల్లారేసరికి వాల్వు కట్టేశారు. అప్పుడు ఈయన ఒక్కడే వాల్వును పాత చోటు నుంచి తీసి వేరే చోట బిగించి, పైన నాపరాయి పరిచి, మట్టి కప్పి, గడ్డి కూడా నాటాడు. ఎక్కడన్నది ఎవరికీ చెప్పలేదు. చివరికి ప్రెసిడెంటమ్మకు కూడా. తెలిస్తే ఆమెను బెదిరించి చెప్పిస్తారని ఆయన భయం. ఆ తరవాత ఆ వాల్వు ఎప్పుడూ కట్టలేదు. ట్యాంకు వదిలితే చాలు, పల్లెకు నీళ్ళు పోయేవి.

"ఇది గూడా రాయమ్మా" అన్నాడు. "ఆమె వేయించిందని రాయి."

నేను రాయలేదు. తీర్మానం లేదు, అంచనా లేదు, పైపులు ఏ పద్దు నుంచి వచ్చాయో లేదు. జాబితాలో ఎక్కిస్తే మొదటి ప్రశ్న నాకే వస్తుంది. "రికార్డులో లేంది నేను రాస్తే నా మెడకే చుట్టుకుంటుంది బాబాయ్" అన్నాను. గ్రామ చరిత్ర పేజీలోనైనా ఒక వాక్యం రాయవచ్చు. దాన్ని ఎవరూ ఆడిట్ చెయ్యరు. అప్పుడు ఆ ఆలోచన కూడా రాలేదు నాకు. ఆమె పేరు వరసలో ఉంది కదా, చాలనుకున్నాను.

ఆయన కోప్పడితే బాగుండేది. "నీళ్ళు కాయితం చూసి రావులేమ్మా" అని తల ఊపాడు. కాసేపు కడ్డీ కొసతో నేల గీరాడు. "సరే. రాయొద్దులే. గుర్తన్నా పెట్టుకో. నేను రేపుండనుగా. పా, చూపిస్తా."

ఆఫీసు ముందు జెండా దిమ్మ ఉంది. దానికి వీపు ఆనించి నిలబడి, పల్లె వైపు మొహం పెట్టి, "నువ్వు పైకి లెక్కబెట్టు. నేను నడుస్తా" అన్నాడు. కుడి కాలు వేశాడు, ఎడమ కాలు ఈడ్చాడు. ఒకటి అన్నాను. రెండు. మూడు. అంతలో ఫోను మోగింది. పై ఆఫీసు నుంచి. గ్రామ చరిత్ర ఇంకా మెయిల్లో రాలేదేంటని, సాయంత్రం లోపు పంపకపోతే బాగుండదని. నేను ఒక చెవిన ఫోను పెట్టుకుని, సారీ సార్, పంపిస్తాను సార్ అంటూ, రెండో చేతి వేళ్ళు ముడుస్తూ ఆయన పక్కన నడిచాను. ఆయన నా వంక చూస్తూనే ఉన్నాడు. ఫోను పెట్టేసే వేళకు ఆగి, కడ్డీతో నేల మీద మెల్లగా తట్టాడు.

"ఎన్నమ్మా?"

ఏదో అంకె చెప్పాను. సరిగ్గానే చెప్పి ఉంటాను. ఆయన తృప్తిగా తల ఊపి, "మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "నా అడుగులు సుమా, నీయి గాదు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఒక పేజీ గ్రామ చరిత్ర మెయిలు చేశాను. ఆ పేజీ నాకిప్పటికీ కంఠతా వచ్చు.

తరవాత వారానికి ఆఫీసు బోర్డు మీద గ్రామ పంచాయతీ అన్న అక్షరాల మీద రంగు వేసి వార్డు నంబరు రాయించారు. పల్చటి రంగు, కింద పాత అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి. నేను సామాను సర్దుకుంటుంటే ఆయన వచ్చి బోర్డు కింద నిలబడ్డాడు. వయసు దాటిపోయిందని ఆయన్ని మున్సిపాలిటీ జీతాల పట్టీలోకి తీసుకోలేదని నాకు అప్పటికే తెలుసు. ఇప్పుడేం చేస్తారు బాబాయ్ అన్నాను. "చేసేదేముందమ్మా, తెల్లారితే ఆడోళ్ళు బిందెలు పెట్టుకుంటారు గదా" అన్నాడు. అదే ఆయన్ని చివరిసారి చూడడం. రెండేళ్ళలో ఒక్క ఫోను చెయ్యలేదు నేను. ఎందుకు చెయ్యలేదంటే చెప్పడానికి కారణమేమీ లేదు.

ఇంజినీరుకు ఫోనులో చెప్పినట్టే మర్నాడు వెళ్ళాను. నరసరావుపేటలో బస్సు దిగి, ఆటో పట్టుకుని, పదకొండు గంటలకు జెండా దిమ్మ దగ్గర దిగాను. వేసవి. పల్లె నుంచి పదిపన్నెండు మంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో అప్పటికే వచ్చి కూర్చున్నారు. ట్యాంకరు పొద్దున ఒక్కసారే వచ్చి, ముందున్నవాళ్ళకు పోసి వెళ్ళిపోయిందట. ఇంజినీరు కుర్రవాడు, మంచివాడిలాగే ఉన్నాడు. జరిగింది చెప్పాడు. కాలువ పనిలో మిషను తగిలి చప్టా దగ్గర పల్లె పైపు పగిలింది. మురుగు కలుస్తోందని ఈయన ఆ రాత్రే ఎవరూ చూడకుండా తన వాల్వు తవ్వి, కట్టేసి, మళ్ళీ మట్టి కప్పాడు. పైపు అతకగానే తెరుద్దామనుకున్నాడు. మర్నాడు పొద్దున ట్యాంకు మెట్ల దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్న వారంలోనే కాంట్రాక్టరు రోడ్డు పక్కన మట్టి మీద కాలువ దాకా సిమెంటు పోసేశాడు. పైపు అతికారు. వాల్వు ఆ సిమెంటు కింద ఎక్కడో ఉంది.

"ఒక్క చోట చూపించండి మేడం, ఇప్పుడే పగలగొట్టిస్తా. వీధి పొడుగునా పగలగొట్టమంటే నా వల్ల కాదు. కొత్త లైనుకి రాశాం, అది ఎప్పటికొస్తుందో చెప్పలేను. అసలు మాకిచ్చిన జాబితాలో ఈ లైనే లేదు."

జాబితా ఎవరు రాశారని అతను అడగలేదు.

దిమ్మకు వీపు ఆనించి నిలబడ్డాను. ముందంతా ఒకటే సిమెంటు, ఆ రోజు ఆయన ఆగిన చోటుకు గుర్తేమీ మిగల్లేదు. నా అడుగు వేసి, ఇది కాదని ఆగిపోయాను. ఆయన అడుగులు కావాలి అన్నాను, ఆయన అడుగులతో కొలిచాడు.

బిందెల మధ్య నుంచి ప్రెసిడెంటమ్మ లేచింది. బాగా వంగిపోయింది మనిషి. కొంగు నడుముకు దోపుకుని వచ్చి, నన్ను పక్కకు జరిపి, దిమ్మకు వీపు ఆనించింది. "ఆ నడక రాందెవురికమ్మా ఈ ఊళ్ళో" అంది. "ఇరవయ్యేళ్ళు నా గుమ్మం కాడికి నడిసొచ్చిన మనిషి."

కుడి కాలు బారుగా వేసింది. ఎడమ కాలు పక్కకు ఈడ్చింది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కుడి కాలు. భుజం కూడా అలాగే ఒక పక్కకు వాలింది, కడ్డీ ఉన్నట్టు. కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సరిగ్గా ఆయనే నడుస్తున్నాడు. ఇంజినీరు పలుగు పట్టుకున్న మనుషుల్ని ఆమె పక్కనే రమ్మని సైగ చేశాడు.

నాలుగడుగులు వేసి ఆమె ఆగింది. "నాకు చెప్పలా ఆయన. నీకే చెప్పాడంట. సెగట్రీ అమ్మ రాసే మనిషి, మరిచిపోదు అన్నాడు ఆసుపత్రిలో. చెప్పమ్మా. ఎన్నడుగులు?"

ఆ రోజు ఫోనులో మాట్లాడిన ప్రతి మాటా నాకు గుర్తొచ్చింది. సారీ సార్. పంపిస్తాను సార్. రాసుకున్న ముప్పై ఒక్క వాల్వులూ వరసగా గుర్తొచ్చాయి. ఆయన కడ్డీతో నేల తట్టిన చప్పుడు, మళ్ళీ చెప్పు అన్నప్పటి ఆయన మొహం గుర్తొచ్చాయి. రెండుసార్లు నా నోటితో నేనే చెప్పిన అంకె ఒక్కటి రాలేదు.

ప్రెసిడెంటమ్మ కుడి కాలు ముందుకు వేసి, ఎడమ కాలు ఇంకా ఈడ్చకుండా, నా నోటి వంకే చూస్తూ నిలబడి ఉంది.